యోంబోస్విని

"మేడమ్, ఈ కార్డు మీది కాదు," అన్నాడు సెక్యూరిటీ ఓబులేసు.

"ఫొటో నాదే కదండీ!"

"ఫొటో మీదే. పేరు మీది కాదు. గేటు కూడా అదే అంటోంది, చూడండి, ఎర్ర లైటు."

సోమవారం ఉదయం తొమ్మిదిన్నర. రాయదుర్గం మెట్రో స్టేషన్ పక్కనున్న ఆ అద్దాల భవనం బయట వాన దంచికొడుతోంది. లోపల గేటు ముందు లైను పెరుగుతోంది. లైనులో రెండో మనిషి నితీష్. లాప్‌టాప్ తడవకుండా దాన్ని చొక్కాలో దోపుకుని, తను మాత్రం నిండా తడిసి ఉన్నాడు.

"మేడమ్, జర పక్కకు జరుగుతరా? పైన ఫంక్షన్ ఉంది. స్లైడ్లన్నీ నా దగ్గరనే ఉన్నయ్."

ఆ అమ్మాయి వెనక్కి తిరిగింది. కళ్లజోడు నిండా వాన చుక్కలు. వాటి వెనకనుంచి వచ్చిన చూపు మాత్రం చాలా పొడిగా ఉంది.

"మీరు వెళ్లకపోతే ఫంక్షన్ ఆగుతుంది. నా పేరు తేలకపోతే నా ఉద్యోగం ఆగుతుంది. ఏది ముందండీ?"

"పేరు తేలకపోవుడేంది?"

ఆమె శుక్రవారమే కొత్తగా ఇచ్చిన కార్డు తీసి అతని ముక్కు ముందు పెట్టింది. "చదవండి."

నితీష్ ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. "యోం... బో... స్విని."

"నా పేరు యశస్విని."

నితీష్ గుండె జల్లుమంది. తొలిచూపులో అందరికీ జల్లుమంటుందని వినడమే కానీ అతనికి ఇది ప్రేమ కాదు. భయం. ఎందుకంటే ఆ అమ్మాయి పేరులో ఓంబోను తెచ్చి పెట్టింది అతనే.

మూడు నెలల క్రితం వరకూ ఆ కంపెనీ పేరు ఆశా ఇన్ఫోవేర్. కొత్తగా వచ్చిన పెట్టుబడిదారులకు 'ఆశ' అనే మాట మరీ సెంటిమెంట్‌గా అనిపించింది. పేర్లు పెట్టడమే వృత్తిగా ఉన్న ఒక బృందాన్ని పిలిపించారు. వాళ్లు ఆరు వారాలు గోవాలో ఆలోచించి 'ఓంబో' అని తేల్చారు. ఓంబో అంటే ఏమిటని ఎవరో అడిగితే, "అర్థం లేకపోవడమే దాని బలం," అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇక కంపెనీలో ఉన్న లక్షల ఫైళ్లలో ఆశను తీసేసి ఓంబోను పెట్టాలి. ఆ పని నితీష్‌కి పడింది. ఇంగ్లీషుతో వచ్చే చిక్కు ఏమిటంటే, ఒకే పేరుని మూడు రకాలుగా రాస్తారు. బోర్డుల మీద అన్నీ పెద్ద అక్షరాలు. ఉత్తరాల్లో మొదటిది మాత్రమే పెద్దది. మెయిల్ అడ్రసుల్లో అన్నీ చిన్నవి. ఏ రూపంలో ఉన్నా సరే ఆశను పట్టుకోవాలి. పట్టుకున్న చోట పాతది ఎంత పెద్దగా ఉందో, ఎంత చిన్నగా ఉందో కొత్తది కూడా అచ్చంగా అలాగే కూర్చోవాలి.

"ఆశాపే, ఆశామెయిల్, మైఆశా... ఇట్ల అతుక్కుని ఉన్న పేర్లు కూడా మారాలి," అన్నాడు మేనేజర్ రవీందర్. "ఎక్కడ ఆశ కనబడ్డా సరే, ఓంబో. ఒక్క ఆశ కూడా మిగలొద్దు."

"సర్, వేరే మాటల మధ్యల ఆశ ఉంటే?"

"ఉండదు. ఉంటే చూద్దాం. శుక్రవారంలోపు కావాలె."

నితీష్ వారం రోజులు తిండి సరిగా తినకుండా ప్రోగ్రామ్ రాశాడు. అది పదకొండు గంటలు ఆడి, నాలుగు లక్షల పన్నెండు వేల చోట్ల ఆశను ఓంబోగా మార్చింది. పెద్ద అక్షరం పెద్దగానే, చిన్న అక్షరం చిన్నగానే నిలిచింది. అతనికి దాని మీద కన్నకొడుకంత మురిపెం.

యశస్విని అని ఇంగ్లీషులో రాస్తే, 'వై' తర్వాత వరుసగా ఏ, ఎస్, హెచ్, ఏ వస్తాయన్న సంగతి అప్పుడు అతనికి తట్టలేదు. ఆ నాలుగూ కలిస్తే ఆశ.

ఆ పని అంత శుభ్రంగా చేసి ఉండకపోయినా బాగుండేది. పేరు మధ్యలో ఓ పెద్ద అక్షరం పొడుచుకొచ్చినా ఎవరో ఒకరు పట్టుకునేవారు. యోంబోస్విని మాత్రం బారసాలలో పెట్టిన పేరులాగే చక్కగా కుదిరిపోయింది.

"ఏమైందండీ, అలా అయిపోయారు?" అంది యశస్విని.

"ఏం లే. వానల తడిసిన కదా... చలి."

ఓబులేసు ఆమెకు విజిటర్ బ్యాడ్జీ ఇచ్చి లోపలికి పంపాడు. నాలుగేళ్లుగా పనిచేస్తున్న ఆఫీసులోకి ఆమె అతిథిగా అడుగు పెట్టింది.

పైన ఫంక్షన్ బ్రహ్మాండంగా జరిగింది. పేరు మార్పిడి పనిలో ఒక్క తప్పు కూడా దొర్లనందుకు 'జీరో డిఫెక్ట్' అవార్డు. గాజు కప్పు రవీందర్ అందుకున్నాడు. "ఇది నా ఒక్కడి కష్టం కాదు, నా టీమ్‌ది కూడా," అన్నాడాయన. ఆ టీమ్ పక్కన నిలబడి స్లైడ్లు మారుస్తోంది. ఆఖరి వరసలో విజిటర్ బ్యాడ్జీతో కూర్చున్న అమ్మాయి చప్పట్లు కొట్టలేదు. నితీష్ అది చూశాడు.

మధ్యాహ్నం యశస్విని హెచ్ఆర్ రమ్య దగ్గరికి వెళ్లింది.

"సిస్టమ్‌లో ఉన్నదే నిజం అండీ," అంది రమ్య, చాలా దయగా. "మీరే ఎప్పుడైనా పేరు మార్చుకున్నారేమో, ఒకసారి గుర్తు తెచ్చుకోండి."

"నా పేరు నేను మార్చుకుని మర్చిపోతానా?"

"అయితే టికెట్ పెట్టండి." ఆ ఆఫీసులో ఫిర్యాదుని టికెట్ అంటారు.

టికెట్ పెట్టాలంటే లాగిన్ కావాలి. యశస్విని అని కొడితే అలాంటి మనిషి లేదంది సిస్టమ్. విసుగొచ్చి యోంబోస్విని అని కొట్టింది. 'వెల్‌కమ్ బ్యాక్, యోంబోస్విని!' అని పూలు చల్లింది. తన పేరు యశస్విని అని టికెట్ పెట్టింది. గంటలో జవాబొచ్చింది: 'యశస్విని అనే ఉద్యోగి మన సంస్థలో లేరు. టికెట్ మూసివేయడమైనది. మా సేవ మీకు నచ్చిందా?'

క్యాంటీన్‌లో ఆ జవాబుని మూడోసారి చదువుకుంటుండగా నితీష్ ట్రేతో వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. నిజం చెప్పేద్దామనే వచ్చాడు.

"పొద్దున విసుక్కున్నందుకు సారీ అండీ," అంది ఆమె ముందుగానే. "మీరు టూల్స్ టీమ్ కదా? ఈ పేర్లు మార్చే ప్రోగ్రామ్ రాసిన మహానుభావుడు ఎవరో తెలుసా మీకు?"

నితీష్ నోటిదాకా వచ్చిన మాట ఇడ్లీతోపాటు లోపలికి వెళ్లిపోయింది.

"మస్తు మంది పని చేసిన్రు. చూడాలె. ఎందుకు?"

"ఏం లేదు. ఒకసారి ఎదురుగా నిలబెట్టి, వాడి పేరు మధ్యలో ఓంబో పెట్టి పిలుద్దామని."

"...నేను సాయం చేస్త. ఫికర్ చెయ్యకుండ్రి."

అలా మొదలైంది. రోజూ లంచ్ టైములో అదే బల్ల దగ్గర ఇద్దరూ కూర్చునేవారు. వెతికేకొద్దీ వింతలు బయటపడ్డాయి. ఒక్క ఆ భవనంలోనే పదకొండు మంది ప్రశాంత్‌లు ప్రోంబోంత్‌లయ్యారు. క్యాంటీన్ మెనూలో అల్లం కషాయం కాస్తా కోంబోయం అయింది. అదేదో విదేశీ పానీయం అనుకుని జనం ఎగబడి తాగుతున్నారు, కాబట్టి పాత పేరు వద్దే వద్దన్నాడు క్యాంటీన్ ఆయన. పాశమైలారం వెళ్లే కంపెనీ బస్సు అద్దం మీద పోంబోమైలారం అని ఉంది. డ్రైవర్ మాత్రం ఎప్పటిలాగే పాశమైలారమే వెళ్తున్నాడు.

"దీనికింత వెతకడమెందుకండీ?" అంది యశస్విని ఒకరోజు. "ఉల్టా చేసేయొచ్చు కదా. ఓంబో ఉన్న చోటల్లా ఆశ."

"అట్ల చేస్తే కంపెనీ పేరు మళ్ల ఆశా అయితది. గోవాకు పోయినోళ్లు ఏడుస్తరు."

"ఏడవనివ్వండి."

"ఇంకోటుంది. మన శ్రీలంక ఆఫీసు ఏ ఊర్ల ఉంది?"

"కొలంబో."

"ఇగ అది కొలాశా."

ఆమె నవ్వింది. కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వింది. కొలాశా, కొలాశా అని రెండుసార్లు అనుకుని ఇంకోసారి నవ్వింది. సోమవారం గేటు దగ్గర నితీష్‌కి జరగనిది ఇక్కడ, కషాయం గ్లాసుల మధ్య జరిగిపోయింది.

"మిషన్‌కు వదిలితే మళ్ల అదే ఆగం," అన్నాడు తేరుకుని. "ఒక్కొక్క పేరు కంటితోని చూసి లిస్టు రాయాలె."

"రాద్దాం. నా పని రాయడమే కదా." ఆమె ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్లు ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు రాస్తుంది.

పేర్లు ఆమె చదివేది, అతను టైపు చేసేవాడు. మధ్యమధ్య మాటలు. ఆమెది తెనాలి. ఇప్పుడు నాన్నతో కలిసి మణికొండలో ఉంటోంది. అతనిది బాలానగర్. నాన్న పెంటయ్య లేత్ మెషిన్ మీద పనిచేస్తాడు. "మీరు 'గట్ల' అంటే నాకు 'గట్టిగా' అని వినిపిస్తోందండీ," అని ఆమె ఆటపట్టించేది. "మీరు ప్రతి మాటకు 'అండీ' అంటరు, నాకైతే ఇంటర్వ్యూల కూసున్నట్టే ఉంటది," అని అతను తిప్పికొట్టేవాడు. ప్రతి సాయంత్రం 'రేపు చెప్పేస్త' అనుకునేవాడు. మర్నాడు ఆమె, "ఆ మహానుభావుడు దొరికాడా?" అనేది. అతను ఇడ్లీ మింగేవాడు.

రెండు వారాలు గడిచేసరికి ఆ భవనంలో నలభై మూడు మంది పేర్లు తేలాయి. ఆ రోజే యశస్వినికి ఉత్తరం వచ్చింది. ఏటా జరిగే సర్టిఫికెట్ల తనిఖీలో యోంబోస్విని అనే ఉద్యోగి సమర్పించిన డిగ్రీ, మార్కుల జాబితా, ఆధార్, అన్నీ యశస్విని అనే వేరే వ్యక్తివని తేలింది. పది పనిదినాల్లో సరైన సంజాయిషీ ఇవ్వని పక్షంలో ఉద్యోగం నుంచి తొలగించబడును.

మర్నాడు యశస్విని తండ్రి చలపతిరావుగారు ఆఫీసుకొచ్చారు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. చంకలో ఆకుపచ్చ ఫైలు. పక్కన యశస్విని. సాయానికని నితీష్ కూడా రమ్య గదిలో కూర్చున్నాడు.

"చాలా సింపుల్ అంకుల్," అంది రమ్య. "యశస్విని అలియాస్ యోంబోస్విని అని ఒక అఫిడవిట్ ఇచ్చేస్తే క్లోజ్ చేసేస్తాం."

"అలియాసా?" ఆయన ఫైలు బల్ల మీద పెట్టారు. "అలియాస్‌లు పోలీసు స్టేషన్లో పెడతారమ్మా. మా అమ్మాయి ఏం నేరం చేసింది?"

"అలా కాదు అంకుల్, సిస్టమ్‌లో..."

"మీ ఇంగ్లీషులో పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ ఉన్నాయి. అవి చెదరకుండా మార్చారట, మా అమ్మాయి చెప్పింది. బాగుంది. మరి మనిషి పేరు చెదరకుండా చూడాలని ఎవరికీ తోచలేదా?"

ఆయన గొంతు తగ్గించారు.

"ఇది ఏడో నెలలో పుట్టిందమ్మా. దక్కదన్నారు డాక్టర్లు. పేరు కూడా పెట్టొద్దు, పెడితే మరీ బాధన్నారు మా వాళ్లు. వాళ్లమ్మ వినలేదు. ఇది బతుకుతుంది, పేరు తెచ్చుకుంటుంది, యశస్విని అనే రాయించండి అంది. నేనే వెళ్లి రాయించాను. వాళ్లమ్మ ఇప్పుడు లేదు. నేను ఆ కాగితం ఇవ్వను."

నితీష్ లేచి గ్లాసులో మంచినీళ్లు పోసి అందించాడు.

"చల్లగా ఉండు బాబూ," అన్నారాయన.

నితీష్‌కి ఆ దీవెన చెంపదెబ్బలా తగిలింది. తిన్నగా రవీందర్ దగ్గరికి వెళ్లాడు.

"సర్, ఆ ప్రోగ్రామ్ల తప్పున్నది. ఒప్పుకుని సరిచేద్దాం. లిస్టు రెడీ ఉన్నది, నలభై మూడు పేర్లు, ఇరవై నిమిషాల పని."

రవీందర్ గాజు కప్పు వంక చూశాడు. "జీరో డిఫెక్ట్ అని ఇచ్చిన్రు నితీష్. జీరో అంటే జీరో. ఇప్పుడు నలభై మూడు అంటే ఎట్లుంటది? రిపోర్టుల 'యూజర్ ఎర్రర్' అని పెట్టు. వాళ్లే పేర్లు తప్పు కొట్టుకున్నరు. వచ్చే నెల టీమ్ లీడ్ నువ్వే, నాది జిమ్మేదారి."

నితీష్ రిపోర్టు తెరిచాడు. యూజర్ ఎర్రర్ అని రాయలేదు. నా తప్పు అని కూడా రాయలేదు. ఖాళీగానే సేవ్ చేసి ఇంటికి వెళ్లాడు.

మర్నాడు రవీందర్‌కి ఇంకో ఆలోచన వచ్చింది. ఇంత గొప్ప ప్రోగ్రామ్ గురించి ప్రపంచానికి తెలియజేసే వ్యాసం ఒకటి ఉండాలి కదా! ప్రోగ్రామ్ మొత్తం తీసి పుస్తకాలు రాసే విభాగానికి పంపాడు. అది యశస్విని చేతికే వచ్చింది.

సాయంత్రం మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర ఆమె నితీష్ కోసం నిలబడి ఉంది. వాన జల్లు ఏటవాలుగా కొడుతోంది. గొడుగు చేతిలో ఉన్నా తెరవలేదు.

"మొదటి లైను చదువుతాను, వినండి," అంది ఫోన్ చూస్తూ. "'రచన: నితీష్.' రెండో లైను. 'ఏ పేరూ అందం చెడకుండా మారును.' పక్కన ఒక నవ్వు బొమ్మ కూడా పెట్టారు."

"యశస్విని గారూ..."

"పదిహేను రోజులు నా ఎదురుగా కూర్చుని, నాతోపాటు మిమ్మల్నే వెతికారు."

"చెప్దామనే అనుకున్న. రోజూ అనుకున్న."

"పొరపాటు చేసినందుకు కాదండీ నా కోపం. పని చేసేవాళ్లెవరైనా చేస్తారు. మా నాన్న మా అమ్మ గురించి చెబుతుంటే, అన్నీ తెలిసీ పక్కనే కూర్చుని మంచినీళ్లు అందించారు చూశారా? అది నేను మర్చిపోలేను."

ఆమె మెట్లెక్కి వెళ్లిపోయింది. నితీష్ వానలోనే నిలబడ్డాడు. ఈసారి లాప్‌టాప్ తడుస్తోందన్న ధ్యాస కూడా లేదు.

మర్నాడు పొద్దున బాలానగర్‌లో అతని తల్లి సక్కుబాయి చాయ్ గ్లాసు ముందు పెట్టి, కొడుకు మొఖం చూసింది.

"ఏమైందిరా? పిల్ల ఏమన్న అన్నదా?"

"ఏ పిల్ల?"

"పదిహేను దినాల సంది అద్దం ముంగట నిలబడుతున్నవ్. నాకు తెల్వదా?"

నితీష్ అంతా చెప్పేశాడు. పెంటయ్య అంగీ గుండీలు పెట్టుకుంటూ విన్నాడు.

"నేనొకపారి నట్లు తప్పు కోసిన," అన్నాడు చివరికి. "నాలుగు వందలు. సేఠ్ చూడకముందే పోయి చెప్పిన."

"తిట్టిండా?"

"మస్తు తిట్టిండు. గని ఆ దినం రాత్రి మంచిగ నిద్రపట్టింది. చెప్పకుంటే ఎట్లుంటుండెనో నాకు తెల్వదు. నీకు తెలిసినట్టున్నది."

"పోయి నోటితోని చెప్పు," అంది సక్కుబాయి. "మెయిల్ గియిల్ కొట్టకు."

ఆ రోజు పదకొండింటికి పెద్దలందరూ కూర్చునే నెలవారీ సమావేశం. రిపోర్టులో 'తప్పు ఎవరిది?' అన్న గడిలో కంపెనీ ముందే కొన్ని జవాబులు పెట్టి ఉంచింది: కస్టమర్, నెట్‌వర్క్, కరెంటు, వాతావరణం, యూజర్. 'నాది' అన్న జవాబు లేదు. అలాంటి అవసరం ఇంతవరకు ఎవరికీ రాలేదు. నితీష్ 'ఇతరములు' నొక్కి తన పేరు టైపు చేశాడు. స్లైడ్లు మార్చాల్సిన చోట లేచి నిలబడ్డాడు.

"సర్, ఇది యూజర్ ఎర్రర్ కాదు. ప్రోగ్రామ్ రాసింది నేను. మాటల మధ్యల ఉన్న ఆశను వదిలెయ్యాలని నేను చూసుకోలే. ఈ బిల్డింగ్‌ల నలభై మూడు మంది పేర్లు చెడగొట్టిన. అండ్ల ఒకరికి ఉద్యోగం పోయే నోటీసు వచ్చింది. ఆమెది ఏ తప్పు లేదు. సరిచేసే లిస్టు ఇది. మీరు సంతకం పెడితే ఇప్పుడే చేస్త."

రవీందర్ కాళ్ల కింద కార్పెట్టుని పరీక్షగా చూస్తున్నాడు.

సీఈవో చాలాసేపు ఆలోచించాడు. తిడదామంటే తప్పు జరిగిందని ఒప్పుకున్నట్టవుతుంది. మెచ్చుకుందామన్నా అంతే. చివరికి, "థాంక్యూ ఫర్ షేరింగ్," అని సంతకం పెట్టాడు.

ఇరవై నిమిషాల్లో యశస్విని యశస్విని అయింది. నోటీసు వెనక్కి వెళ్లింది. ఆ వారమే కంపెనీ 'మీ పేరే మా గౌరవం' అనే ఉద్యమం మొదలుపెట్టింది. నలభై మూడు పేర్లను రికార్డు వేగంతో సరిచేయించినందుకు రవీందర్‌కి రెండో గాజు కప్పు వచ్చింది. టీమ్ లీడ్ పదవి ప్రశాంత్‌లలో ఒకరికి దక్కింది. నితీష్‌ని మూడో అంతస్తులో టికెట్లు చూసే పనిలో వేశారు.

అతను అక్కడ చేరే ముందు లిస్టు ప్రింటు తీసుకుని, ఒక్కొక్కరి సీటు దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాడు. "మీ పేరు చెడగొట్టింది నేనే. మాఫ్ చెయ్యుండ్రి," అనేవాడు. కొందరు నవ్వారు. ఒకాయన అరగంట తిట్టాడు. కొందరికి తమ పేరు మారిన సంగతే తెలియదు. ఒక ప్రశాంత్ అయితే, "అరే, ప్రోంబోంత్ అని టీషర్టు కూడా కొట్టించిన కదా అన్నా!" అని బాధపడ్డాడు. రోజుకి ఏడెనిమిది మంది. ఆరో రోజుకి లిస్టులో ఒక్క పేరే మిగిలింది.

యశస్విని తన సీట్లో ఏదో రాసుకుంటోంది. అతను వచ్చి నిలబడినా తలెత్తలేదు.

"వారం నుంచి ఆఫీసంతా తిరుగుతున్నారట. నేను నలభై మూడోదాన్నా?"

"ముందే వద్దామనుకున్న. ధైర్యం చాలలే. నలభై రెండు మందికి చెప్తే వస్తదేమోనని చూసిన."

"వచ్చిందా?"

"రాలే. అయినా వచ్చిన."

ఆమె అప్పుడు తలెత్తింది. కళ్లజోడు అద్దాలు తుడిచి ఉన్నాయి. చూపు సోమవారమంత పొడిగా లేదు.

"మీ నాన్నగారికి కూడా చెప్పాలె. ఆయన నోటినుంచి దీవెన తీసుకున్న, తప్పు చెప్పకుండ. అడ్రస్ ఇస్తే పోయి చెప్పొస్త. మీరు ఇంట్ల ఉండకున్నా పర్వాలే."

యశస్విని ఒక కాగితం మీద అడ్రస్ రాసి ఇచ్చింది. కింద 'ఆదివారం, నాలుగింటికి. ఉంటాను' అని రాసింది.

ఆదివారం మణికొండ ఫ్లాట్‌లో చలపతిరావుగారు పడక్కుర్చీలో కూర్చుని మొత్తం విన్నారు. యశస్విని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. నితీష్ చెప్పడం ముగించాక ఆయన కుర్చీలో ముందుకు జరిగారు.

"తెనాలిలో ఉండగా," అన్నారు చివరికి, "గంగమ్మని ఒక ముసలావిడ దస్తావేజు పట్టుకొచ్చింది. పేరులో అక్షరం తేడా ఉందని తిప్పి పంపాను. మూడుసార్లు తిప్పాను. ఎండలో నడిచొచ్చేది. మూడోసారి వెళ్లాక చూస్తే తప్పు ఆవిడ కాగితంలో లేదు. మా రిజిస్టర్లో ఉంది. నేను రాసిందే."

"ఏం చేసిన్రు సార్?"

"గుట్టుగా దిద్దేశాను. నాలుగోసారి వస్తే, ఇప్పుడు సరిపోయిందమ్మా అన్నాను. దండం పెట్టి వెళ్లిపోయింది. ఆ దండం ఇప్పటికీ గుర్తుంది." ఆయన నితీష్ వైపు తిరిగారు. "ముప్పై నాలుగేళ్లలో ఒక్కరికి కూడా నాది తప్పని చెప్పలేదయ్యా నేను. నువ్వు నలభై ముగ్గురికి చెప్పావు. నాతో నలభై నాలుగు."

ఆయన లేచి, కండువా భుజాన సర్దుకుని, "టీ తాగు. ఇప్పుడే వస్తాను," అని లోపలికి వెళ్లారు. టీ అప్పటికింకా పెట్టనేలేదు.

బాల్కనీలో సన్నగా తుంపర పడుతోంది. కింద రోడ్డు మీద ట్రాఫిక్ ఎటూ కదలడం లేదు. ఇద్దరూ రెయిలింగ్ పట్టుకుని దాన్నే చూస్తున్నారు.

"ఇంకేమైనా దాచారా నా దగ్గర?" అంది యశస్విని.

"ఒకటుంది."

"చెప్పేయండి. ఇప్పుడు అలవాటైంది కదా."

"మీరంటే నాకు ఇష్టం. కొలాశా అన్న దినం సంది. చెప్తే మీరు పరేషాన్ అయితరని..."

"అది దాచడమా అండీ?"

"కాదా?"

"క్యాంటీన్ మొత్తానికీ తెలుసు. కషాయం పోసే ఆయన నన్ను రెండుసార్లు అడిగాడు, ఏమ్మా, ఆ అబ్బాయికి ఏం చెప్పావని."

"ఏం చెప్పిన్రు?"

ఆమె తుంపరలోకి చెయ్యి చాపి, తడి చేత్తోనే అతని మణికట్టు పట్టుకుంది. ఒక్క క్షణం. తర్వాత వదిలేసి లోపలికి నడిచింది. వంటింట్లో గిన్నెలు చప్పుడు చేస్తూ, ఏమీ విననట్టు నటిస్తున్న తండ్రితో అంది:

"నాన్నా, బియ్యం ఇంకో గ్లాసు ఎక్కువ కడగండి. ఈయన భోజనానికి కూడా ఉంటారు."